మంచి భోజనం దొరికే చోటు మరొకరికి చెప్పడం ఎలా

మనం తిని సంతోషించిన చోటును ఇంకొకరికి చెప్పడం చాలా తేలికైన పనిలా కనిపిస్తుంది. పేరు చెప్పి, "చాలా బాగుంటుంది, తప్పకుండా వెళ్ళండి" అంటే సరిపోతుందనుకుంటాం. కానీ ఆ మాట నమ్మి వెళ్ళిన మనిషి మన నాలుకతో తినడు, మన ఆకలితో తినడు, మనం వెళ్ళిన పూటకే వెళతాడన్న నమ్మకమూ లేదు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని పెద్దలు ఊరికే అనలేదు. సిఫారసు చేసేటప్పుడు ఆ హోటల్ గొప్పదా కాదా అన్న తీర్పును పక్కన పెట్టి, ఫలానా మనిషి ఫలానా పూట అక్కడికి వెళితే ఏమి దొరుకుతుందో, ఏమి దొరకదో ముందుగా తెలియజేయడం మీద దృష్టి పెట్టాలని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

కొన్నేళ్ళ క్రితం మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ తల్లిదండ్రులను తీసుకుని, నేను అంతకుముందే చూసి వచ్చిన ఒక నగరానికి వెళుతూ, భోజనానికి ఎక్కడికి వెళ్ళమంటారని అడిగారు. నాకు బాగా నచ్చిన ఒక చోటు చెప్పాను. ఏమి తినాలో వంటకం పేరుతో సహా చెప్పి, దారి కూడా కాగితం మీద గీసి ఇచ్చాను. తిరిగి వచ్చాక ఆవిడ, "భోజనం బాగుందండీ, కానీ మెట్లున్నాయని చెప్పలేదేం?" అన్నారు. పట్టుకోవడానికి కమ్మీ కూడా లేని ఇరవై ఇరుకు మెట్లు అవి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళ నాన్నగారు సగం దాకా ఎక్కి, గోడకు చెయ్యి ఆనించి నిలబడి, "మీరు తిని రండి, నేను కింద కూర్చుంటాను" అన్నారట. ఆ మెట్లు నేను రెండుసార్లు ఎక్కి దిగినవే, అయినా ఒక్కసారి కూడా నా కంటికి ఆనలేదు.

ముందు అడిగినవారి సంగతి తెలుసుకోవాలి

ఎవరైనా "ఎక్కడ బాగుంటుంది?" అని అడగగానే నోటికి వచ్చిన పేరు చెప్పేయకుండా, ఎవరెవరు వెళుతున్నారు, ఏ పూటకు వెళుతున్నారు, బస ఎక్కడ అన్న మూడు సంగతులు కనుక్కుంటే సగం పని అయిపోతుంది. చిన్నపిల్లలుంటే ఆలస్యంగా వడ్డించే చోటు పనికిరాదు, పది మంది ఉంటే నాలుగు బల్లల చోటు పనికిరాదు, వినికిడి తగ్గిన పెద్దవారుంటే పాటల హోరు ఉన్న చోటు పనికిరాదు. ఎంత ఖర్చు పెట్టగలరని సూటిగా అడగడానికి మనకూ మొహమాటమే, చెప్పడానికి వారికీ మొహమాటమే. అందుకని "మామూలు భోజనమా, ఏదైనా ప్రత్యేక సందర్భమా?" అని అడిగితే జవాబులోనే వారి లెక్క తెలిసిపోతుంది.

ఏమి తినరో అడగడం, ఏమి ఇష్టమో అడగడం కంటే ముఖ్యం. ఇష్టం లేనిది పళ్ళెంలోకి వస్తే పక్కకు నెట్టవచ్చు గాని, తినకూడనిది వచ్చినప్పుడు ఆ పూటంతా పాడవుతుంది. ఇక్కడ సిఫారసు చేసేవారు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. మెనూలో కూరగాయల వంటకం కనిపించగానే "శాకాహారం కూడా దొరుకుతుంది" అని రాసేస్తారు. ఆ కూరగాయలను ఎముకలు మరిగించిన రసంలో ఉడికించి ఉండవచ్చు, చేప సాస్ కలిపి ఉండవచ్చు, జంతువుల కొవ్వుతో వేయించి ఉండవచ్చు, లేదా మాంసం వేయించిన నూనెలోనే వేయించి ఉండవచ్చు. మీరు అడిగి తెలుసుకున్నారా, లేక ఊహించారా అన్నది స్పష్టంగా చెప్పాలి. "నేను అడగలేదు, మీరు అడగండి" అని రాయడంలో చిన్నతనమేమీ లేదు. హలాల్, కోషర్ వంటి మతపరమైన నియమాల విషయంలోనూ ఇదే పద్ధతి మంచిది: గోడ మీద ధ్రువపత్రం చూస్తే చూశామని రాయాలి, చూడకపోతే ఆ మాటే ఎత్తకూడదు.

అలర్జీల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఐరోపా సమాఖ్య నియమాల ప్రకారం వేరుశెనగ, నువ్వులు, పాలు, గుడ్లు, చేపలు, సోయా వంటి 14 రకాల పదార్థాలు వంటకంలో ఉన్నదీ లేనిదీ తినేవారికి తెలియజేయాలి. అమెరికా జాబితాలో ప్రధానమైనవి 9 ఉన్నాయి, అందులో నువ్వులు చేరింది 2023 నుంచే. అంటే ఒక దేశంలో మెనూ మీద అచ్చయి ఉండే సమాచారం మరో దేశంలో అడిగితే తప్ప తెలియకపోవచ్చు. పైగా వంటకంలో ఆ పదార్థం లేకపోయినా అదే గరిటె, అదే నూనె, అదే పీట వాడితే ప్రమాదం ఉండనే ఉంటుంది. కాబట్టి అలర్జీ ఉన్నవారికి "అక్కడ ఫరవాలేదు" అన్న మాట ఎవరూ ఇవ్వకూడదు. వంటవాడితో మాట్లాడే వీలుంటుందా, సిబ్బంది ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్పారా అన్నంతవరకు చెబితే, నిర్ణయం వారే తీసుకుంటారు.

ఎంత దూరం వెళ్ళవచ్చో చెప్పాలి

అయిదింట నాలుగు, పదింట తొమ్మిది వంటి మార్కుల కంటే ఎంతో పనికివచ్చే కొలత ఒకటి దాదాపు తొంభై ఏళ్ళుగా మన ముందే ఉంది. ఫ్రాన్సులో టైర్లు తయారుచేసే మిషెలిన్ సోదరులు 1900లో కార్లు నడిపేవారి కోసం ఒక చిన్న గైడును ఉచితంగా పంచిపెట్టారు. జనం ఎక్కువగా తిరిగితే టైర్లు అరుగుతాయి, అరిగితే కొత్తవి కొంటారు అన్నది దాని వెనుక లెక్క. 1926లో మంచి భోజనం దొరికే చోట్లకు నక్షత్రం గుర్తు పెట్టడం మొదలైంది, 1931లో దాన్ని మూడు అంచెలు చేశారు, 1936లో ఆ అంచెలకు అర్థం ప్రకటించారు. ఒక నక్షత్రమంటే ఆ తరహా చోట్లలో చాలా మంచిది, రెండంటే దారి మళ్ళి అయినా వెళ్ళదగినది, మూడంటే దాని కోసమే ప్రత్యేకంగా ప్రయాణం కట్టదగినది. ఈనాడు ఆ నక్షత్రాల చుట్టూ ఎంత ఆర్భాటం ఉన్నా, మొదట అది దూరానికి సంబంధించిన సలహా అన్న సంగతి నాకు చాలా నచ్చుతుంది.

మనమూ ఆ కొలతనే వాడుకోవచ్చు. "అటువైపు వెళితే ఆగండి", "బస్సు మారవలసి వచ్చినా వెళ్ళండి", "ఒక పూట దానికే కేటాయించండి" అన్న మూడు మాటల్లో ఏదో ఒకటి ప్రతి సిఫారసులోనూ ఉంటే, చదివినవారు తమ ఓపికను బట్టి నిర్ణయించుకుంటారు. మనకు నచ్చిన చోట్లలో ఎక్కువ భాగం మొదటి రకానివేనని ఒప్పుకోవడం కొంచెం కష్టంగా ఉంటుంది. కానీ పగలంతా తిరిగి అలసిపోయి, పిల్లలు ఆకలికి మారాం చేస్తున్నప్పుడు, అయిదు నిమిషాల నడకలో ఉన్న మామూలు భోజనం గంట దూరంలోని గొప్ప భోజనం కంటే మేలైనదన్న సంగతి ప్రయాణం చేసిన ప్రతివారికీ తెలుసు. "ప్రత్యేకం ఏమీ కాదు, కానీ శుభ్రంగా ఉంటుంది, త్వరగా పెడతారు, స్టేషన్ ఎదురుగానే" అన్న వాక్యం కూడా మంచి సిఫారసే.

రాసే మాటల్లో ఏమి ఉండాలి

రెండు నమూనాలు చూడండి. మొదటిది: "అద్భుతమైన రుచి, చక్కటి ఆతిథ్యం, కుటుంబ సమేతంగా వెళ్ళదగిన చోటు, తప్పక వెళ్ళండి." ఈ వాక్యాన్ని లోకంలో ఏ హోటల్ బోర్డు కిందనైనా అతికించవచ్చు, ఎక్కడ అతికించినా అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. రెండవది: "కిందటి నెల రెండో వారంలో, మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఇద్దరం వెళ్ళాం. ఇరవై నిమిషాలు బయట నిలబడ్డాం. వేయించిన చేప బాగుంది, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంది, కారం తక్కువ. సూప్ చల్లారిపోయి వచ్చింది. కార్డు తీసుకోలేదు. బల్లలు ఇరుకు, సందడి ఎక్కువ, తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవడానికి కుదరదు. రెండున్నర దాటితే చేప అయిపోతుందని వడ్డించినతను చెప్పాడు. మేము వెళ్ళింది ఒక్కసారే." ఇందులో పొగడ్త ఒక్క వాక్యమే. అయినా చదివినవారు ఎన్ని గంటలకు బయలుదేరాలో, జేబులో ఏమి పెట్టుకోవాలో, ఏమి అడగాలో, ఏమి అడగకూడదో అన్నీ తెలుసుకుని వెళతారు.

ఈ రెండవ నమూనాలో వంటకం పేరు, పూట, తేదీ అన్న మూడింటినీ ఎన్నడూ వదలకూడదు. ఒకే వంటింట్లో ఒక వంటకం అమోఘంగానూ, మరొకటి అధ్వానంగానూ ఉండడం సర్వసాధారణం. మధ్యాహ్నం రద్దీలో అప్పటికప్పుడు వండేది సాయంత్రానికి వేడిచేసి పెట్టేదై ఉండవచ్చు. ఇక తేదీ లేని సిఫారసు, గడువు అచ్చు వేయని సీసాలాంటిది. వంటవాడు మారినా, యజమాని మారినా, చోటే మారినా బోర్డు మీద పేరు మాత్రం అలాగే ఉంటుంది గనుక, మీరు చివరిసారి ఎప్పుడు తిన్నారో చెప్పకపోతే అయిదేళ్ళ కిందటి రుచిని ఈరోజు అమ్మినట్లవుతుంది.

రుచినీ, వడ్డననూ, వసతినీ కలిపి ఒకే ముద్ద చేయకూడదు. 1979లో న్యూయార్క్‌లో టిమ్, నీనా జగాట్ దంపతులు తమ స్నేహితుల అభిప్రాయాలు సేకరించి మొదలుపెట్టిన జగాట్ సర్వే, తరువాతి కాలంలో వంటకు, అలంకరణకు, సేవకు విడివిడిగా 30కి ఇన్ని మార్కులని ఇస్తూ వచ్చింది. మార్కుల మీద నాకు పెద్ద నమ్మకం లేకపోయినా ఆ విభజన మాత్రం తెలివైనది. కుర్చీ సరిగా లేకపోయినా కూర బాగుంటే చాలుననేవారు ఒకరు, వంట సామాన్యంగా ఉన్నా నెమ్మదిగా కూర్చుని మాట్లాడుకుంటే చాలుననేవారు ఇంకొకరు. అన్నిటినీ కలిపి "నాలుగు నక్షత్రాలు" అంటే ఇద్దరికీ ఉపయోగం ఉండదు.

రుచిని వర్ణించేటప్పుడు విశేషణాలను తగ్గించి పోలికలను పెంచాలి. "కారంగా ఉంది" అన్న మాటకు ఒక్కొక్కరి నాలుక మీద ఒక్కొక్క అర్థం. "రెండు గుక్కల నీళ్ళు తాగవలసి వచ్చింది, పక్కనున్న పిల్లవాడు తినలేకపోయాడు" అంటే అర్థం ఒకటే. పరిమాణం విషయంలోనూ "ఒక పళ్ళెం ఇద్దరికి సరిపోయింది, కొంచెం మిగిలింది" అన్నదే పనికివచ్చే మాట. ధర రాసేటప్పుడు ఒకరికి సుమారు ఎంత అయిందో అక్కడి డబ్బులోనే రాసి, పన్ను, సేవా రుసుము కలిపా, కలపకుండానా అన్నది చెప్పాలి. బిల్లు ఫొటో ఉంటే అన్నిటికంటే అదే బాగా చెబుతుంది, కాకపోతే పంపేముందు అందులో కార్డు అంకెలూ పేరూ ఫోను నంబరూ కనిపించకుండా చూసుకోవాలి.

మరొక్క జాగ్రత్త. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నట్లు, పది గంటల ప్రయాణం తరువాత, వానలో తడిసి, దొరికిన మొదటి చోట వేడివేడిగా తిన్నది ఏదైనా అమృతంలాగే ఉంటుంది. అటువంటి భోజనం మీద నాకున్న మమకారాన్ని నేను వదులుకోలేను గాని, దాన్ని సిఫారసుగా మార్చే ముందు "ఆ రోజు మా ఆకలి అటువంటిది" అని ఒక మాట చేర్చడం న్యాయమని భావిస్తాను.

సొంత ఊళ్ళో చెప్పేటప్పుడు

సొంత ఊరి విషయంలో మన బలమూ బలహీనతా రెండూ అలవాటే. ఏళ్ళ తరబడి వెళుతున్న చోట సర్వరు మనం అడగకుండానే మనకు కావలసినది తెస్తాడు, యజమాని పలకరిస్తాడు, గాలి తగిలే బల్ల మనకు దొరుకుతుంది. కొత్తగా వెళ్ళినవారికి వీటిలో ఏదీ దొరకదు. అందువల్ల బాగా అలవాటైన చోటును సిఫారసు చేసే ముందు, రద్దీగా ఉండే పూట, మీరు ఎప్పుడూ కూర్చోని మూల కూర్చుని, ఎప్పుడూ అడగని వంటకం అడిగి చూడండి. అదీ బాగుంటే నిస్సందేహంగా చెప్పవచ్చు. లేదా "నేను పాత ఖాతాదారుణ్ణి, నా మాటను కాస్త తగ్గించి తీసుకోండి" అని ముందే చెప్పేయవచ్చు.

చదువుకునే రోజుల్లో ఇష్టపడిన చోట్ల సంగతి ఇంకా ప్రమాదకరం. వాటిలో సగం రుచి వంటింటిది, సగం ఆ వయసుది. కనీసం ఏడాది లోపల ఒకసారైనా మళ్ళీ తినని చోటును ఎవరికీ చెప్పకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

ఊరివారికి తట్టని అవసరాలు కూడా బయటివారికి ఉంటాయి. మనం ఇంట్లో తినే వేళల్లోనే వారు వీధిలో ఉంటారు. తెల్లవారుజామున రైలు దిగినప్పుడు, అర్ధరాత్రి విమానం దిగినప్పుడు, పండుగ రోజున అన్నీ మూసి ఉన్నప్పుడు, ఒంటరిగా ఉన్న మనిషి ఇబ్బంది లేకుండా కూర్చుని తినాలనుకున్నప్పుడు ఎక్కడికి వెళ్ళాలి అన్న ప్రశ్నలకు ఏ ఊరివారైనా ఒక గంట కూర్చుని జవాబులు రాసి పెట్టుకుంటే, ఊళ్ళో అన్నిటికంటే గొప్ప రెస్టారెంటు ఏది అన్న వాదన కంటే ఎక్కువమందికి మేలు జరుగుతుంది.

ప్రయాణంలో అడగడం, సేకరించడం

కొత్త ఊళ్ళో "ఇక్కడ ఏది బాగుంటుంది?" అని అడిగితే ఊరికి పేరు తెచ్చిన చోటు చెబుతారు, అది వారు తినే చోటు కాకపోవచ్చు. "మీరు ఈ వారంలో బయట ఎక్కడ తిన్నారు? ఏమి తిన్నారు?" అని అడిగితే జ్ఞాపకం నుంచి నిజమైన జవాబు వస్తుంది. బస చేసిన చోట కౌంటరు దగ్గర కూర్చున్నవారిని అతిథులను ఎక్కడికి పంపుతారని కాకుండా, వారు మధ్యాహ్నం ఎక్కడ తింటారని అడగడం మంచిది. భోజనానికి బయటికి వెళ్ళడం తప్పనిసరి అయిన వారి మాటకు విలువ ఎక్కువ: దుకాణాల్లో పనిచేసేవారు, టాక్సీ నడిపేవారు, ఆసుపత్రి సిబ్బంది. నచ్చిన చోట తిన్నాక అక్కడివారినే "ఈ వంటకం కాకుండా ఇంకేదైనా తినాలంటే ఎక్కడికి వెళ్ళమంటారు?" అని అడిగి చూడండి. వంట తెలిసినవారు పక్కవారి వంటను మెచ్చుకుంటే అది ఊరికే పోదు.

నెట్‌లోని సమీక్షలను చదవడానికీ ఒక పద్ధతి ఉంది. మొత్తం నక్షత్రాలను పక్కన పెట్టి, కొత్తవాటి నుంచి వెనక్కి చదవాలి. పొంగిపోయినవారూ మండిపడినవారూ రాసినంతగా, ఫరవాలేదనుకున్నవారు రాయరు గనుక, మూడు నక్షత్రాలు ఇచ్చినవారి మాటలు దొరికితే వాటిని రెండుసార్లు చదవాలి. వంటకం పేరు, పూట, ఏదో ఒక లోపం ఉన్న సమీక్ష నమ్మదగినది. ఒకే వారంలో కుప్పగా వచ్చిన పొగడ్తలు, ఆ ఒక్క చోటు తప్ప మరేదీ రాయని ఖాతాలు అనుమానించదగినవి. 2017లో లండన్‌లో ఒక జర్నలిస్టు తాను ఉంటున్న తోట షెడ్డును రెస్టారెంటుగా ట్రిప్‌అడ్వైజర్ అనే సమీక్షల సైటులో నమోదు చేసి, స్నేహితుల చేత ఉత్తుత్తి సమీక్షలు రాయించి, కొన్ని నెలల్లో దాన్ని ఆ నగరంలో మొదటి స్థానానికి చేర్చాడు. అప్పటికి అక్కడ ఒక్కరు కూడా భోజనం చేయలేదు. బయట ఫోను మాత్రం బల్ల కావాలంటూ మోగుతూనే ఉంది.

ప్రయాణంలో తిన్న చోటును తరువాతివారి కోసం రాసిపెట్టేటప్పుడు పేరును మీకు వినిపించినట్లు రాస్తే చాలదు. అక్కడి లిపిలో ఉన్న బోర్డును ఫొటో తీయాలి. ఒకే పేరును మన లిపిలో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు, కానీ బోర్డు ఫొటో చూపిస్తే టాక్సీ డ్రైవరు తీసుకువెళతాడు, వీధిలో నిలబడి అక్షరాలను పోల్చుకోవచ్చు. మ్యాప్‌లో చోటు కనిపించకపోతే గూగుల్ మ్యాప్స్‌లో వచ్చే ప్లస్ కోడ్‌ను తీసుకోవచ్చు. అది అక్షాంశ రేఖాంశాల నుంచి తయారైన చిన్న సంకేతం కాబట్టి ఇంటి నంబరూ వీధి పేరూ లేని బండికైనా సరిపోతుంది. బండ్లు సాయంత్రానికి చోటు మారుస్తాయి గనుక ఏ వేళకు ఎక్కడ ఉందో కూడా చేర్చాలి. వంటకం ఫొటో కంటే మెనూ ఫొటో పదిరెట్లు ఉపయోగకరమని నా నమ్మకం, అయినా అందరూ తీసేది వంటకాన్నే.

కొత్తవారు ఇబ్బందిపడేది రుచి దగ్గర కంటే పద్ధతి దగ్గర ఎక్కువ. ముందు డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలా, కూర్చుంటే వచ్చి అడుగుతారా, బల్ల పంచుకోవాలా, నీళ్ళు అడగకుండా తెచ్చిన సీసాకు డబ్బు వేస్తారా, తిన్న పళ్ళెం మనమే తీసి పెట్టాలా అన్న సంగతులు ఒకసారి వెళ్ళినవారికి మామూలుగా అనిపించి రాయడం మరిచిపోతారు. మొదటిసారి లోపలికి అడుగుపెట్టినప్పుడు మీరు ఎక్కడ తెల్లమొహం వేశారో గుర్తుచేసుకుని అదే రాయండి. వారపు సెలవు, మధ్యాహ్నం మూసే వేళ, ముందుగా బల్ల చెప్పుకోవాలా వద్దా అన్నవీ అక్కడే రాస్తే ఒకరి ప్రయాణం వృథా కాకుండా ఉంటుంది.

వీధి బండి దగ్గర శుభ్రత గురించి చెప్పవలసి వస్తే, "శుభ్రంగా ఉంది" అని కాకుండా చూసినది చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం వండిన ఆహారం గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉండకూడదు. వేడిగా పెట్టేది 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు ఉండాలి, పచ్చివీ వండినవీ కలవకూడదు. బండి దగ్గర థర్మామీటరు పెట్టి ఎవరూ చూడరు గాని, కళ్ళముందు వండి పొయ్యి మీదనుంచే పెడుతున్నారా, జనం వస్తూపోతూ సరుకు వెంటవెంటనే అయిపోతోందా, డబ్బు తీసుకునే చెయ్యీ వడ్డించే చెయ్యీ ఒకటేనా అన్న మూడు సంగతులు అయిదు నిమిషాలు నిలబడితే ఎవరికైనా కనిపిస్తాయి.

బాగులేదని చెప్పవలసి వచ్చినప్పుడు

యెల్ప్ అనే సమీక్షల సైటులో ఒక నక్షత్రం పెరిగితే రెస్టారెంటు ఆదాయం 5 నుంచి 9 శాతం దాకా పెరిగిందని హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైకేల్ లూకా 2011లో సియాటిల్ నగరపు లెక్కలతో చూపారు. ఆ ప్రభావం ఒకే పేరుతో చాలా శాఖలు నడిపే గొలుసు సంస్థల మీద కనిపించలేదు, సొంతంగా నడిపే చోట్ల మీదనే పడింది. అంటే మనం కోపంలో రాసిన రెండు ముక్కలు తగిలేది ఎక్కువగా చిన్నవారికే. వృత్తిగా రాసే విమర్శకులు పత్రిక డబ్బుతో, తామెవరో చెప్పకుండా, ఒకే చోటికి రెండు మూడుసార్లు వెళ్ళి గాని రాయకపోవడానికి కారణం ఉంది. మనకు అంత వీలుండదు కాబట్టి, ఒక్కసారే తిన్నామని చెప్పడం, తప్పు జరిగినప్పుడు అక్కడివారికి చెప్పామా, వారు ఏమి చేశారు అన్నది కూడా రాయడం కనీస న్యాయం. చల్లారిన సూప్‌ను వెనక్కి తీసుకుని వేడిది తెచ్చి ఇచ్చిన చోటు, నా దృష్టిలో, మొదటే వేడిది తెచ్చిన చోటు కంటే పెద్దగా తక్కువది కాదు.

కడుపు పాడైతే వెంటనే ఆఖరున తిన్న చోటి పేరు బయటపెట్టకూడదు. స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా విషం వల్ల అయితే అరగంట నుంచి ఎనిమిది గంటల్లోపు వాంతులు మొదలవుతాయి గాని, నోరోవైరస్‌కు 12 నుంచి 48 గంటలు, సాల్మొనెల్లా బాక్టీరియాకు ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా పట్టవచ్చు. అంటే నిన్నటి రాత్రి భోజనాన్ని నిందిస్తున్నవారికి అసలు తగిలింది మొన్నటి ఊళ్ళో కావచ్చు. ఒకే పళ్ళెంలో తిన్న నలుగురికీ ఒకేసారి వచ్చిందంటే అనుమానానికి కొంత బలం ఉంటుంది. అప్పుడు కూడా ముందు డాక్టరుకు, ఆ తరువాత అక్కడి ఆహార భద్రతా అధికారులకు చెప్పడమే సరైన దారి.

ఉచితంగా తిన్నా, తగ్గింపు తీసుకున్నా, యజమాని బంధువైనా ఆ మాట మొదటి వాక్యంలోనే ఉండాలి. చివర్లో పెడితే చదివినవారు మోసపోయామనుకుంటారు. ఆరు కుర్చీలతో, ఒకే మనిషి వండి వడ్డించే చోటును వేలమందికి చాటడం కూడా ఆలోచించి చేయవలసిన పని. అటువంటి చోటి గురించి నలుగురు స్నేహితులకు నోటిమాటగా చెబితే వారికి ఆదరణ, నాలుగువేల మందికి చెబితే వారికి ఇబ్బంది. అనుమానం ఉంటే వారినే అడగవచ్చు. ఒకచోట అడిగితే పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ, "రానీండి, కానీ ఆదివారం మాత్రం వద్దని రాయండి" అన్నారు. అలాగే రాశాను.

చెప్పాక చేయవలసినది

ఎవరికైనా ఒక చోటు చెప్పాక, వారు వెళ్ళివచ్చారో లేదో కనుక్కోవాలి. "బాగుందా?" అని అడిగితే మర్యాదకు బాగుందనే అంటారు. "ఏమి తిన్నారు? ఎంతసేపు పట్టింది? మళ్ళీ వెళతారా?" అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. వారు చెప్పినదాన్ని మన జాబితాలో తేదీతో సహా చేర్చాలి, మూతపడినవాటినీ మారిపోయినవాటినీ మొహమాటం లేకుండా కొట్టివేయాలి. నా జాబితా ఏటికేడాది చిన్నదవుతోంది, దానివల్ల ఎవరికీ నష్టం జరిగినట్లు కనిపించదు.

మెట్ల సంగతి చెప్పినావిడను ఆ రోజు నేను మరికొంచెం అడిగాను. నాన్నగారు కింద కూర్చున్నది చూసి హోటలువారే పళ్ళెం దించి తెచ్చారట, మెట్ల పక్కన నీడలో ఒక బల్లా నాలుగు కుర్చీలూ వేశారట, కూర పైనుంచి వచ్చేసరికి కూడా వేడిగానే ఉందట. రెండుసార్లు వెళ్ళిన నాకు ఆ బల్ల ఉందని కూడా తెలియదు. ఇప్పుడు నా జాబితాలో ఆ చోటు కింద వంటకం పేరు కంటే ముందు ఇలా ఉంది: "ఇరవై మెట్లు, కమ్మీ లేదు. ఎక్కలేనివారుంటే ముందే చెప్పండి, కింద బల్ల వేసి వడ్డిస్తారు."